పైసలు సర్కారువి, బండి కంపెనీది

మా బాపు దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉంటుంది. ఆయన ట్రావెల్స్ కారు నడుపుతాడు. జ్యోతినగర్‌లో ఎన్టీపీసీ వాళ్లకో, గోదావరిఖనిలో సింగరేణి వాళ్లకో కిరాయి తగిలితే కరీంనగర్ దాకా, లేదంటే హైదరాబాద్‌లో ఆసుపత్రికో ఎయిర్‌పోర్టుకో పోతాడు. ప్రతి కిరాయికి ఒక లైను రాస్తాడు: డీజిల్, టోల్, చాయ్ టిఫిన్, మిగిలింది. చిన్నప్పుడు నాకు కూడికలు వచ్చింది ఆ బుక్కు వల్లే. హైదరాబాద్ కిరాయి అయితే టోల్ గడిలో మూడు అంకెలు పక్కపక్కన ఉంటాయి. బసంత్‌నగర్, రేణికుంట, దుద్దెడ. ఇప్పుడు ఫాస్టాగ్ వచ్చింది, ఫోన్‌కే మెసేజ్ వస్తుంది, అయినా చేత్తో రాస్తాడు.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు టీవీలో మెట్రో వార్త నడుస్తోంది. 2025 సెప్టెంబరు చివరి వారం అది. హైదరాబాద్ మెట్రో నుంచి ఎల్ అండ్ టీ తప్పుకుంటుందని, రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుందని. మెట్రో మీదున్న అప్పు సుమారు 13 వేల కోట్లు ప్రభుత్వం నెత్తికి వస్తుంది. కంపెనీ పెట్టుబడి కింద ఇంకో 2 వేల కోట్ల దాకా ఇస్తారు. బాపు రిమోట్ పక్కన పెట్టి అడిగాడు:

"ఏందిరా, కంపెనోడు మెట్రోను వాపస్ ఇస్తుండట గదా. అప్పు మాత్రం సర్కారు కడ్తదట. మరి ముంగట ఇచ్చిన పైసలు ఎటు పోయినయ్?"

"అది పీపీపీ బాపు" అన్నాను, అదేదో జవాబు అయినట్టు.

"గంటే?"

నాకు చెప్పరాలేదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం చదివిన నాకు ఇంగ్లీషులో కూడా చెప్పరాలేదు. ఈ వ్యాసం ఆ "గంటే"కి నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు సింపుల్ ప్రశ్న. రోడ్డో రైలో కట్టే ప్రైవేటు కంపెనీకి ప్రభుత్వం డబ్బులివ్వొచ్చా? ఇవ్వొచ్చు, ఇస్తోంది కూడా. దానికి కేంద్ర ఆర్థిక శాఖ దగ్గర పెద్ద స్కీమే ఉంది, పేరు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్. ఐడియా ఏంటంటే, కొన్ని ప్రాజెక్టులు ఊరికి అవసరమే కానీ టికెట్లతో, టోల్‌తో పెట్టుబడి తిరిగి రాదు. ఆ తక్కువ పడే ముక్కని ప్రభుత్వం ఇస్తుంది. కేంద్రం ఖర్చులో 20 శాతం వరకు, కావాలంటే రాష్ట్రం మరో 20 శాతం వరకు. టెండర్‌లో ఎవరు తక్కువ అడిగితే పని వాళ్లది. కంపెనీ ముందు తన సొంత వాటా డబ్బు ఖర్చు పెట్టాకే ఈ డబ్బు వస్తుంది. గడువు అయిపోయాక ఆస్తి ప్రభుత్వానికి తిరిగి రావాలి. పేపర్ మీద చూస్తే నాకైతే తెలివైన పథకమే అనిపించింది.

మన రాజీవ్ రహదారి కూడా ఈ కుటుంబంలోదే. శామీర్‌పేట నుంచి రామగుండం వైపు 207 కిలోమీటర్లు, నాలుగు లైన్లు, 25 ఏళ్ల ఒప్పందం, ఇందులోనూ గ్యాప్ ఫండ్ ఉంది. అంటే బాపు నోట్‌బుక్‌లో ఆ మూడు అంకెలు కాక, పన్నుల రూపంలో ఇంకో అంకె ఉంది. అది ఆయన రాయలేదు, ఎందుకంటే దానికి మెసేజ్ రాదు.

హాస్టల్‌లో ఈ టాపిక్ తెస్తే రెండు పార్టీలు వెంటనే తయారయ్యాయి. ఒకటి "ప్రైవేటోడికి మన డబ్బులెందుకు, దోపిడీ" పార్టీ. రెండోది "గవర్నమెంటు కడితే మన మనవళ్లు ఎక్కుతారు" పార్టీ. రాత్రి రెండింటి దాకా అరుచుకున్నారు. వార్డెన్ వచ్చి లైట్లు ఆర్పారు. నాకు రెండు పార్టీల మీదా డౌటే. ఎందుకో చెప్పాలంటే మెట్రో కథ మొదటి నుంచి చెప్పాలి. ఆ కథ మన బ్యాచ్‌లో చాలామందికి తెలియదు, మొదలైనప్పుడు మనం చెడ్డీల్లో ఉన్నాం.

2008లో మెట్రో టెండర్ గెలిచింది ఎల్ అండ్ టీ కాదు, మైటాస్. సత్యం రామలింగరాజు కుటుంబం కంపెనీ. వాళ్లు గ్యాప్ ఫండ్ వద్దన్నారు. వద్దనడమే కాదు, తామే ప్రభుత్వానికి 35 ఏళ్లలో 30,311 కోట్లు ఎదురు ఇస్తామన్నారు! ప్రపంచమంతా మెట్రోలు నష్టాల్లో నడుస్తుంటే ఇదెలా సాధ్యం? ఢిల్లీ మెట్రో శ్రీధరన్‌కి అదే అనుమానం వచ్చింది. ఈ ప్రాజెక్టుకి తమ సంస్థే సలహాదారు అయినా, ఆయన ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. లెక్క రైలులో లేదు, దాంతో పాటు ఇస్తున్న భూముల్లో ఉందని, ఇది ముందు ముందు పెద్ద స్కాం అవుతుందని ఆయన భయం. ఒప్పందంలో స్టేషన్లు, డిపోల దగ్గర 269 ఎకరాల్లో వ్యాపారం చేసుకునే హక్కు ఉంది మరి. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? లెక్కలు మళ్లీ చూసుకోలేదు. క్షమాపణ చెప్పకపోతే పరువు నష్టం దావా వేస్తామంది.

2009 జనవరి 7న సత్యం లెక్కలన్నీ దొంగవని రామలింగరాజు ఉత్తరం రాశాడు. మైటాస్‌కి అప్పు పుట్టలేదు. ఆ జూలైలో ఒప్పందం రద్దు.

మళ్లీ టెండర్. 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్యాప్ ఫండ్ అడిగి గెలిచింది. మొత్తం ఖర్చు అంచనా 12,132 కోట్లు, కాబట్టి ఇది ఎనిమిదో వంతు. ఎదురు 30 వేల కోట్లు ఇస్తానన్న చోట, రెండేళ్లు తిరగకుండా, 1,458 కోట్లు ఇవ్వాల్సి వచ్చిందన్నమాట. నా లెక్కలో రెండోదే నిజాయితీ గల అంకె. "దోపిడీ" పార్టీ ఫ్రెండ్స్ ఇది గమనించాలి. ఊరికే చేస్తానన్నవాడు మునిగాడు, సాయం అడిగినవాడు కట్టాడు.

నిజంగానే కట్టాడు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోల్ దాకా 30 కిలోమీటర్లు ఒకేసారి తెరిచారు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ లైను కూడా కలిసి 69 కిలోమీటర్లు అయింది. పాతబస్తీ ముక్క మాత్రం మిగిలిపోయింది, ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు. అంతా పూర్తయిందనుకున్న నెలకే కరోనా. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఒక్క రైలూ తిరగలేదు, వడ్డీ మీటర్ మాత్రం తిరిగింది.

తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్. తర్వాత, 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ ఫ్రీ. ఫ్రీ బస్సు వల్ల మెట్రోకి దెబ్బ తగులుతోందని 2024లో ఎల్ అండ్ టీ ఫైనాన్స్ పెద్ద అన్నందుకు రాజకీయంగా పెద్ద గొడవే అయింది. మా అమ్మ, అత్తమ్మ ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి ఫ్రీగా బస్సెక్కి కరీంనగర్ పోయి వస్తారు, ఆ పథకం మీద నేను ఒక్క మాట అనను. కానీ ఒక చేత్తో మెట్రోకి గ్యాప్ ఫండ్ ఇచ్చి, ఇంకో చేత్తో దాని ప్యాసింజర్లను బస్సెక్కిస్తే, ఆ రెండు చేతులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి కదా. మాట్లాడుకున్న గుర్తు నాకు కనబడలేదు.

2025 మేలో మెట్రో టికెట్ 10 నుంచి 60 రూపాయల రేంజి కాస్తా 12 నుంచి 75 అయింది. జనం తిట్టాక వారంలోనే 10 శాతం తగ్గించి 11 నుంచి 69 చేశారు. నాలుగు నెలలకు కంపెనీ తప్పుకోవడం ఖాయమైంది.

ఇప్పుడు బాపు ప్రశ్న. ముందు ఇచ్చిన పైసలు ఎటు పోయాయి? గాల్లోకి పోలేదు. ఆ పిల్లర్లలో, ఆ పట్టాల్లో ఉన్నాయి. కంపెనీ జేబు నిండిందా అంటే అదీ లేదు, వాళ్లూ వేల కోట్ల నష్టాలు చూపించారు. మరి లాభం ఎవరికి? రోజూ ఎక్కే లక్షల మందికి టైమ్ మిగిలింది. స్టేషన్ పక్కన స్థలం ఉన్నవాడికి రేటు పెరిగింది. అతని దగ్గర మాత్రం ఎవరూ వాటా అడగలేదు. నాకు నిజంగా కోపం వచ్చిన పాయింట్ ఇదే. గోదావరిఖనిలో అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టేవాళ్లం మెట్రో అప్పులో భాగస్వాములం, మియాపూర్‌లో ప్లాట్ పెట్టుకుని కూర్చున్నవాడు కాదు.

ఇదంతా ఇప్పటి రోగం అనుకున్నాను. క్లబ్ లైబ్రరీలో పాత హైదరాబాద్ చరిత్ర పుస్తకం ఒకటి తిరగేస్తుంటే తెలిసింది, మన రామగుండం స్టేషన్ మీదుగా పోయే రైలు పట్టాలకీ ఇదే జాతకం.

నిజాం కాలంలో మొదటి లైను వాడి నుంచి సికింద్రాబాద్. 1874లో వచ్చింది, డబ్బంతా నిజాం వైపుదే. తర్వాత 1883లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు చూడండి: నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. గ్యారంటీ అనే మాట పేరులోనే ఉంది. ఎవరికి గ్యారంటీ? ప్యాసింజర్లకు కాదు, వాటాదారులకు. రైలుకి లాభం వచ్చినా రాకపోయినా 20 ఏళ్ల పాటు 5 శాతం వడ్డీ హైదరాబాద్ ఖజానా ఇస్తుంది. వాటాదారుడు లండన్‌లో కూర్చుంటాడు, కరువొస్తే ఇక్కడి రైతు శిస్తులోంచి అతని 5 శాతం పోతుంది. బ్రిటిష్ ఇండియా అంతా ఇదే పద్ధతి, అక్కడ నుంచే ఇక్కడికి వచ్చింది.

దీన్ని అడ్డుకున్న మనిషి ఒకరున్నారు. అఘోరనాథ్ చటోపాధ్యాయ, హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపాల్, సరోజినీ నాయుడు నాన్న. ఆయన, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, ఇంకొందరు కలిసి మీటింగ్ పెట్టారు. రైలు వద్దనలేదు. ఆ చాందా రైల్వే ఒప్పందం వివరాలు జనం ముందు పెట్టండి, చదివి చెప్తాం అన్నారు. అంతే. 1883లో ఆయన్ని రాజ్యం నుంచి పంపించేశారు. సరోజినికి అప్పుడు నాలుగేళ్లు. పన్ను కట్టేవాడు ఒప్పందం చూపించమంటే ఊరు దాటించారు. ఆయన తర్వాత తిరిగొచ్చారు, అది వేరే కథ. శ్రీధరన్ ఉత్తరం, అఘోరనాథ్ మీటింగ్, మధ్యలో 125 ఏళ్లు. ప్రభుత్వాలకు కోపం వచ్చే ప్రశ్న మాత్రం ఒక్కటే.

కాజీపేట నుంచి బల్లార్షా లైను, అంటే మన పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా పోయేది, 1929 నాటికి కలిసింది. ఏడాది తిరక్కుండా, 1930లో, నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ చేతిలోంచి మొత్తం రైల్వేని కొనేసుకుంది. గ్యారంటీ ఇచ్చి, వడ్డీ కట్టి, చివరికి కొనుక్కుంది. 2025 వార్త చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది ఇందుకే. ఇంకో చిన్న విషయం, అలా చేతికొచ్చిన రైల్వేనే 1932లో 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టింది. మా అమ్మ ఎక్కే ఆర్టీసీ తాత అదే.

అయితే ప్రైవేటుని పక్కన పెట్టి అన్నీ ప్రభుత్వ సంస్థలే కట్టాలా? మన బెల్టులో దీనికీ ఉదాహరణ ఉంది. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల రైలు లైను. దాంట్లో పెద్ద వాటా డబ్బు సింగరేణి పెట్టింది, కట్టింది రైల్వే. 2022 నవంబరు 12న ప్రధాని దాన్ని మన రామగుండంలోనే, ఎరువుల ఫ్యాక్టరీతో పాటు జాతికి అంకితం చేశారు. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది, కాబట్టి ఇటు జేబూ అటు జేబూ మనదే. మా రూమ్మేట్‌ది సత్తుపల్లి. "మా ఊరికి రైలొచ్చింది రా, కాకపోతే ఎక్కాలంటే బొగ్గై పుట్టాలి" అంటాడు. ఆ లైను మీద తిరిగేది బొగ్గు వ్యాగన్లే. లారీలు తగ్గాయి, దుమ్ము తగ్గింది, మంచిదే. కానీ ప్రభుత్వ డబ్బు, ప్రభుత్వ కంపెనీ అయినంత మాత్రాన మనిషికి సీటు దొరుకుతుందని గ్యారంటీ లేదు. కట్టే ముందే "ఇందులో మనుషుల రైలు కూడా రోజుకి ఇన్ని" అని రాసుకుని ఉంటే దొరికేది.

అందుకే నా వాదన ఇది. డబ్బు ప్రైవేటు చేతికి పోవడం సమస్య అని నేననుకోవట్లేదు. ఏ షరతు మీద పోయిందనేదే అసలు సంగతి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు చూడండి. జీఎంఆర్ కట్టింది, 2008లో తెరిచారు. దానికీ ప్రభుత్వం ఇచ్చింది: 107 కోట్లు గ్రాంటు, 315 కోట్లు వడ్డీ లేని అప్పు, దాదాపు 5,500 ఎకరాల భూమి లీజుకి. కానీ దాంతో పాటు కంపెనీలో 13 శాతం వాటా రాష్ట్రం ఉంచుకుంది, ఇంకో 13 శాతం కేంద్రం సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉంచుకుంది. ఇచ్చిన దాంట్లో కొంత అప్పు కాబట్టి తిరిగి అడగొచ్చు, వాటా ఉంది కాబట్టి బోర్డులో కూర్చోవచ్చు. అంత భూమి ఇవ్వాలా అని గొడవ పడొచ్చు, నేనూ పడతాను. కానీ లాభమొచ్చినా మనకో ముక్క ఉంది. మెట్రోలో ప్రభుత్వం గ్రాంటు ఇచ్చి పక్కకు నిలబడింది, నష్టం వచ్చినప్పుడే లోపలికి పిలిచారు.

మా సబ్జెక్టులో ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ అని ఒక చాప్టర్ ఉంటుంది. ప్రోగ్రామ్ సరిగ్గా నడిస్తే ఏం చేయాలో ఎవడైనా రాస్తాడు. ఫైల్ దొరక్కపోతే, నెట్ పోతే ఏం చేయాలో రాశాడా లేదా అన్నదాంట్లో మార్కులుంటాయి. ఢిల్లీలో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైను రిలయన్స్ ఇన్‌ఫ్రా వాళ్ల కంపెనీ నడిపింది, 2013లో వదిలేసింది, ఢిల్లీ మెట్రో సంస్థ చేతికి తీసుకుంది. తప్పెవరిదనే కేసు తేలడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. ఆర్బిట్రేషన్‌లో ఒకరు గెలిచారు, సుప్రీం కోర్టు 2021లో సరేనంది, మళ్లీ అదే కోర్టు 2024లో తిరగేసింది. పదకొండేళ్లు! కంపెనీ మధ్యలో లేచి వెళ్లిపోతే ఎవరికెంత అనేది మొదటి రోజే లెక్క కట్టి పెట్టుకుంటే అంత కాలం పట్టేదా?

ఎవరైనా అంటారు, ఒప్పందాలు వెబ్‌సైట్లలో దొరుకుతాయి కదా, చదువుకోండి అని. చదవబోయాను. వందల పేజీలు, లాయర్ల ఇంగ్లీషు. నాకే పది పేజీలకు నిద్రొచ్చింది, బాపు ఏం చదువుతాడు? యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం చదవకుండా 'అగ్రీ' కొట్టినట్టు, మన తరఫున ఎవరో కొట్టేశారు. నాకు కావాల్సింది పెద్దదేం కాదు. ప్రతి టోల్ గేటు దగ్గర, ప్రతి మెట్రో స్టేషన్‌లో, తెలుగులో ఒక బోర్డు. మొత్తం ఖర్చు ఎంత, అందులో ప్రజల డబ్బు ఎంత, పోయిన నెల దాకా వసూలైంది ఎంత, ఇది మనకు తిరిగొచ్చే తేదీ ఏది, కంపెనీ మధ్యలో వదిలేస్తే మనం కట్టాల్సింది ఎంత. బస్టాండ్‌లో టైమ్ టేబుల్ బోర్డు రాయగలిగినవాళ్లు ఇది రాయలేరా?

ఇప్పుడే ఎందుకు ఈ గోల అంటే, తర్వాతి రౌండు మొదలవుతోంది. జాతీయ రహదారులకు కొన్నేళ్లుగా హ్యామ్ అనే పద్ధతి నడుస్తోంది. కట్టేటప్పుడు ప్రభుత్వం 40 శాతం ఇస్తుంది, మిగతా 60 కంపెనీ తెచ్చుకుంటుంది, ఆ 60ని ప్రభుత్వం ఏళ్ల తరబడి వాయిదాల్లో వడ్డీతో తీరుస్తుంది. మన రాష్ట్రం కూడా జిల్లా రోడ్లకు, పల్లె రోడ్లకు ఈ పద్ధతి తెస్తానంటోంది. టోల్ ఉండదు కాబట్టి మనకు మెసేజ్ కూడా రాదు. వాయిదాలు పదిహేనేళ్లు కట్టేది మాత్రం మన బ్యాచే, అప్పటికి ఉద్యోగాల్లో ఉండి పన్నులు కట్టేది మనమే కదా. రోడ్డు కావాలి. మంథని వైపు ఊళ్లు చూసినవాడెవడూ వద్దనడు. కానీ వాయిదాల పట్టిక రోడ్డు పక్కన రాసి పెట్టండి.

సెలవులు అయిపోయాక బాపే నన్ను కాలేజీ దగ్గర దింపాడు, ఎలాగూ హైదరాబాద్ కిరాయి ఉందని. దారిలో ఇదంతా చెప్పాను, గ్యాప్ ఫండు, గ్యారంటీ, అఘోరనాథ్, అన్నీ. దుద్దెడ దగ్గర ఫాస్టాగ్ కూత పెట్టింది. బాపు గేటు దాటాక అడిగాడు:

"మరి ఈ రోడ్డు మనకు ఎప్పుడు వాపస్ ఇస్తరట?"

25 ఏళ్ల ఒప్పందం, 2010 తర్వాత మొదలైంది, ఇంకో పదేళ్లు పైనే పట్టొచ్చు అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. "అప్పటికి నాకు అరవై దాటుతయ్" అన్నాడు. "నువ్వు రాసిపెట్టుకో మరి, ఇస్తరో లేదో సూడాలె." సీటు కింద నుంచి నోట్‌బుక్ తీసి ఇచ్చాడు. చివరి పేజీలో రాశాను.